బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం

బ్రాడీపేట, గుంటూరు

చి. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మీ విజయవాడ కాలేజీలో చదువు నాణ్యత చూసే ఐక్యూఏసీ విభాగం పని నీకు అప్పగించారట, ఈసారి పిల్లల ఫీడ్‌బ్యాక్ అంతా నువ్వే చూడాలట. చేరి రెండేళ్ళు కాలేదు, అప్పుడే అంత నమ్మి ఇచ్చారంటే ఎంత గర్వంగా అనిపించిందో. ఆ తర్వాత మాత్రం నిద్ర పట్టలేదు.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. ప్రశ్నలు తక్కువ పెట్టు, తెలుగులో కూడా ఇవ్వు. పాఠం చెప్పే లెక్చరర్ ఎదురుగా ఉండగా ఫారాలు పంచకు. సెమిస్టర్ మధ్యలోనే అడుగు, చెప్పిన పిల్లలే ఆ మార్పు చూడాలి కదా. కాలేజీలకి గ్రేడులిచ్చే న్యాక్ సంస్థ 2017లో తెచ్చిన విద్యార్థుల సర్వేలో 21 ప్రశ్నలుంటాయి. 20 ప్రశ్నలకి టిక్కు పెడితే చాలు, చివరిది సొంత మాటల్లో రాయాలి. పనికొచ్చేదంతా అక్కడే దొరుకుతుంది. నా భయం కూడా దాని గురించే.

ఇరవై ఏళ్ళ కిందట నేను చేసిన ఒక ప్రైవేటు కాలేజీలో ఈ పని నాదే. ఫారం మీద పేరు, రోల్ నంబరు వద్దని ప్రిన్సిపాల్‌తో వాదించి ఒప్పించాను. 'ఎవరు రాశారో ఎవరికీ తెలియదు, ధైర్యంగా రాయండి' అని పిల్లలకి మాటిచ్చాను. ఒక అమ్మాయి ఫారం వెనక ఇలా రాసింది: 'ల్యాబ్ అయిదున్నర దాకా ఉంటోంది. మా ఊళ్ళోకి ఆఖరి బస్సు అయిదింటికే. మెయిన్ రోడ్డు మీద దిగి మూడు కిలోమీటర్లు నడుస్తున్నాను. చీకట్లో అమ్మ ఎదురొస్తోంది.' నీలం ఇంకు, గుండ్రటి అక్షరాలు. 'అమ్మ' కింద రెండు గీతలు.

చదివి నాకు కళ్ళు చెమర్చాయి. స్టాఫ్ మీటింగ్‌లో అక్షరం పొల్లుపోకుండా చదివి వినిపించాను, అందరి మనసూ కరుగుతుందనుకున్నాను. ఆ క్లాసులో అటునుంచి వచ్చే పిల్ల ఒక్కతే. పేరు లేకపోతేనేం, ఆ బస్సే పట్టిచ్చేసింది. మరుసటి వారం ల్యాబ్‌లో అందరి ముందూ 'ఏమ్మా, బస్సుకి టైమైందా? ఇంటర్నల్స్ మార్కులు కూడా బస్సే వేస్తుందా?' అన్నారట ఆ ల్యాబ్ చూసే సారు. ఆ పిల్ల నన్నేమీ అనలేదు. వరండాలో ఎదురైతే తల దించుకుని వెళ్ళిపోయింది. ఆ నడక ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది.

మరుసటి ఏడు ఫారాలన్నీ తిరగేశాను. వెనక పేజీలో ఒక్కరూ అక్షరం రాయలేదు. అన్నిటికీ 'చాలా బాగుంది' అనే టిక్కు. సగటు పెరిగిందని మేనేజ్‌మెంట్ నన్ను మెచ్చుకుంది. ల్యాబ్ టైము మారలేదు. పిల్లలు భయపడబట్టే ఆ సగటు పెరిగిందని నాకొక్కదానికే తెలుసు, నేను నోరు విప్పలేదు.

బ్రిటన్‌లో 2005 నుంచి డిగ్రీ ఆఖరి ఏడాది పిల్లల్ని ఇలాగే దేశమంతటా అడుగుతున్నారు. కనీసం 10 మంది జవాబివ్వకపోతే ఆ కోర్సు ఫలితం విడిగా బయటపెట్టరు. కొద్దిమందే ఉంటే ఎవరు ఏమన్నారో ఇట్టే తెలిసిపోతుంది మరి. నువ్వూ చిన్న సెక్షన్లని కలిపేసి చూడు. పిల్లల మాటలు ఉన్నవున్నట్టు ఎవరికీ చదివి వినిపించకు. 'దూరం నుంచి వచ్చే పిల్లలకి సాయంత్రం ల్యాబ్ ఇబ్బందిగా ఉంది' అంటే చాలు, బస్సూ ఊరూ వద్దు. గూగుల్ ఫారం అయితే మెయిల్ ఐడీ తీసుకునే సెట్టింగ్ ఆపేశావో లేదో రెండుసార్లు చూసుకో.

'ఇది ఎవరు రాశారు?' అని ఎవరో ఒకరు అడిగే తీరతారు. చిన్నప్పటి నుంచీ పెద్దవాళ్ళు గద్దిస్తే చెప్పేసే పిల్లవి నువ్వు. ఈ విషయంలో మాత్రం చెప్పావంటే నేను ఊరుకోను. కోప్పడుతున్నానని ముఖం ముడుచుకోకు తల్లీ, నేను చేసిన తప్పు నీ చేత జరగకూడదనే నా ఆరాటం. ఈ హడావుడిలో పడి మధ్యాహ్నం భోజనం మానేయకు.

ప్రింటుకి ఇచ్చే ముందు ఆ ఫారం నాకు వాట్సాప్‌లో పంపు. ఊరి పేరు రాయమనే గడి ఉంటే ముందు అది కొట్టేద్దాం.

మీ పెద్దమ్మ