టిఫా స్కాన్‌లో (ఐదో నెలలో బేబీ అవయవాలన్నీ చూసే స్కాన్) బేబీ మెదడులో నీరు ఉందన్నారు, పుట్టాక మాటా నడకా రావా?

చాలామందికి వస్తాయండి, మెదడులోని నీటి గదుల వెడల్పు 10 నుంచి 12 ఎంఎం లోపే ఉండి వేరే లోపం ఏదీ లేకపోతే 100లో 90 మందికి పైగా పిల్లలు మామూలుగానే ఎదుగుతారు. ఈ గదులు అందరికీ ఉంటాయి, వాటి వెడల్పు 10కి చేరితేనే రిపోర్టులో రాస్తారు, అసలు తేల్చుకోవాల్సింది అవి ఎందుకు పెరిగాయన్నది, జన్యు లోపమా, తల్లికొచ్చిన ఇన్ఫెక్షనా, మెదడు కట్టులోనే తేడానా అని. శ్రీకాకుళంలో 20వ వారం స్కాన్‌లో 11 వచ్చిందనుకోండి, విశాఖలో ఫీటల్ మెడిసిన్ (కడుపులో బిడ్డ సమస్యలు చూసే) డాక్టర్‌కి చూపిస్తే ఉమ్మనీరు టెస్టు, ఎంఆర్ఐ, కొన్ని వారాలకి మళ్లీ స్కాన్ చెప్తారు, అన్నీ బావుంటే భయం చాలావరకు తగ్గినట్టే. 15 దాటితే మాత్రం రిస్క్ నిజంగానే ఎక్కువ. గ్రహణం పట్టిందని ఇంట్లో వాళ్లు అంటుంటారు, పాపం ఆ తల్లిని అనకండి, గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.