ఎన్ని ఎపిసోడ్లో చెప్పండి, ముగింపు సంగతి తర్వాత చూద్దాం

మీ ప్రశ్న ఇది: మీకు బాగా ఇష్టమైన నవల సిరీస్‌గా వస్తోంది, ముగింపు మారుస్తున్నారని విన్నారు. అలా మార్చొచ్చా, నవలలో ఉన్నది ఉన్నట్టే ఉంచాలా?

ముగింపు మార్చిన పాపంలో నాకూ వాటా ఉంది కాబట్టి చెబుతున్నాను. మూడేళ్లు ఒక తెలుగు డైలీ సీరియల్‌కి అసిస్టెంట్ రైటర్‌గా పనిచేశాను. 1970లలో ఒక వారపత్రికలో వచ్చిన నవల అది. నవల పేరు, చానెల్ పేరు చెప్పను, పాత్ర పేరు కూడా మార్చాను. కింద రెండు మూడు ఇంగ్లిష్ కథల చివర్లు కూడా చెప్పేస్తున్నాను, చూడనివాళ్లు జాగ్రత్త.

నవల చిన్నదే, 230 పేజీలు. శారద అనే టీచరు కథ. భర్త కొట్టడు, తాగడు. కానీ ఆమె జీతం, ఆమెకొచ్చే ఉత్తరాలు, ఆమె పుట్టింటికి వెళ్లే రోజులు అన్నీ అతని చేతుల్లోనే ఉంటాయి. చివరికి ఆమె బదిలీ పెట్టుకుని వేరే ఊరు వెళ్లిపోతుంది. అతను బతిమాలడానికి వస్తాడు. ఆమె కోప్పడదు. కాఫీ ఇస్తుంది, గ్లాసు కడిగి బోర్లిస్తుంది, స్కూలుకి టైమవుతోందని తలుపుకి తాళం వేసి నడుచుకుంటూ వెళ్లిపోతుంది. అతను అరుగు మీద కూర్చునే ఉంటాడు. అంతే, సమాప్తం.

ఆ నవలని మా అమ్మ వారం వారం పత్రికలోంచి చింపి దాచి బైండు చేయించింది. చివరి వారం సంచికని ఎవరో పట్టుకెళ్లి తిరిగి ఇవ్వలేదట. శాఖా గ్రంథాలయంలో కూర్చుని ఆ భాగం మొత్తం తెల్లకాగితాల మీద రాసుకొచ్చి బైండులో కుట్టించింది. అందుకే ఆ తాళం సీను నేను అచ్చులో కాదు, మా అమ్మ చేతిరాతలో చదివాను. నాకు ఆ ఉద్యోగం వచ్చినప్పుడు నాకంటే ఆవిడే ఎక్కువ సంబరపడింది.

మొదట్లో మేమంతా నిజాయితీగానే ఉన్నాం. మొదటి మీటింగులో హెడ్ రైటర్ గారు బోర్డు మీద 'తాళం సీను = క్లైమాక్స్' అని రాసి చుట్టూ గీత గీశారు. లెక్క దగ్గరే తేడా వచ్చింది. ఎపిసోడ్ 22 నిమిషాలు, వారానికి 5. నవలలో ఉన్న కథ 60 ఎపిసోడ్లకు సరిపోతుంది, బాగా సాగదీస్తే 90. డైలీ సీరియల్‌కి 90 ఎపిసోడ్లంటే సెట్ వేసిన ఖర్చు కూడా రాదు. రేటింగు ఉన్నంతకాలం కథ నడవాలి, అంతే.

రేటింగులు గురువారం వస్తాయి. ఆ రోజు ఆఫీసులో టీ తెచ్చే కుర్రాడి ముఖం చూసినా నంబరు తెలిసిపోయేది. ఎనిమిదో నెలలో ఒక ఎపిసోడ్‌లో భర్తకి జ్వరం వస్తే శారద రాత్రంతా మేలుకుని నుదుటి మీద తడిగుడ్డ వేసింది. ఆ వారం నంబరు పెరిగింది. ఇక అక్కడినుంచి భర్త మంచివాడు కావడం మొదలుపెట్టాడు. అతని చెడ్డతనం మోయడానికి ఎవరో ఒకరు కావాలి కాబట్టి నవలలో లేని ఆడపడుచుని తెచ్చాం. తర్వాత అతనికి యాక్సిడెంట్, గతం మర్చిపోవడం. నవ్వకండి, ఆ ట్రాక్ నేనే రాశాను, 41 ఎపిసోడ్లు.

780 ఎపిసోడ్లు దగ్గరపడ్డాక మా టైము స్లాటు కొత్త సీరియల్‌కి కావాలన్నారు చానెల్ వాళ్లు. 12 ఎపిసోడ్లలో క్లోజ్ చేయమన్నారు. నేను తాళం సీను కోసం గట్టిగా పట్టుబట్టాను. "సరే రాయి, చదువుదాం" అన్నారు హెడ్ రైటర్ గారు. రాత్రంతా కూర్చుని రాశాను. పొద్దున్న గదిలో చదివి వినిపిస్తుంటే నాకే గొంతు తడబడింది. ఆ సీనులో శారద రాక్షసిలా కనిపిస్తోంది. మూడేళ్లు ఆ మనిషికి సేవ చేసింది, అతను మారాడు, అందరి ముందూ తప్పు ఒప్పుకున్నాడు. ఇప్పుడు తాళం వేసి పోతే ఎందుకు పోయిందో చూసేవాళ్లకి కాదు కదా, రాసినవాళ్లకే తెలియదు. చివరికి ఇద్దరినీ సత్యనారాయణ వ్రతం పీటల మీద కూర్చోబెట్టి శుభం కార్డు వేశాం.

మనసు ఒప్పక రచయిత్రి గారికి ఫోన్ చేశాను. అప్పటికి ఆవిడకి 80 దాటాయి. "అమ్మా, ముగింపు మార్చేశాం, క్షమించండి" అన్నాను. ఆవిడ తిడతారనుకున్నాను. "మార్చక ఏం చేస్తారు బాబూ? నా శారద ఆ ఇంట్లో ఉన్నది 22 వారాలు. మీ శారద మూడేళ్లుంది. అన్నాళ్లు సర్దుకున్నది ఇప్పుడెందుకు పోతుంది? మీరు చివర్లో మార్చలేదులే, ఎప్పుడో జ్వరం రోజునే మార్చేశారు" అన్నారు. ప్రతి ఎపిసోడూ చూశారన్నమాట.

ఆ ఫోన్ తర్వాత ఈ ప్రశ్నని నేను వేరేగా చూడటం మొదలుపెట్టాను. ముగింపు ఉంచాలా వద్దా అనేది చివర్లో తేలే విషయం కాదు. ఎన్ని ఎపిసోడ్లు అనేది తేలిన రోజే అదీ తేలిపోతుంది. నవల చివరి పేజీ, అంతకు ముందున్న పేజీల బరువు మీద నిలబడుతుంది. ఆ బరువు పెంచినా తగ్గించినా ఆ పేజీ నిలబడదు.

హ్యాండ్‌మెయిడ్స్ టేల్ సంగతే చూడండి. ఆడవాళ్లని బానిసల్లా ఉంచే ఒక ఊహా రాజ్యం కథ, మార్గరెట్ ఆట్‌వుడ్ నవల, 1985లో వచ్చింది. చివర్లో కథ చెప్పే ఆమెని తీసుకెళ్లడానికి ఒక వ్యాను వస్తుంది. అది కాపాడేదో, చంపడానికి తీసుకెళ్లేదో ఆమెకీ తెలియదు, మనకీ తెలియదు. 2017లో వచ్చిన సిరీస్ మొదటి సీజన్, 10 ఎపిసోడ్లు, సరిగ్గా ఆ వ్యాను ఎక్కడంతోనే ఆగుతుంది. అంటే ముగింపు ఉంచినట్టే కదా! కానీ రెండో సీజన్ వచ్చింది. ఆ వ్యాను ఎక్కడికెళ్లిందో చెప్పేశారు. ఆపైన 2025 దాకా మొత్తం 6 సీజన్లు నడిచింది. తర్వాతి సీజన్లలో మంచి ఎపిసోడ్లు లేవని కాదు. కానీ నవలలో వ్యాను తలుపు మూసుకున్నాక ఉండే ఆ చీకటి పోయింది. ఉంచిన ముగింపు కూడా, దాని తర్వాత ఇంకో ఎపిసోడ్ ఉంటే, మామూలు 'రేపటి భాగం' అయిపోతుంది.

దీనికి పూర్తి వ్యతిరేకం గేమ్ ఆఫ్ థ్రోన్స్ సిరీస్. మా సీరియల్ ముగిసిన 2019 వేసవిలోనే అదీ ముగిసింది. సోమవారం పొద్దున్నే 6:30కి లేచి ఫోన్‌లో చూసి ఆఫీసుకి వెళ్లేవాళ్లం. దానికి ఉంచడానికి నవల ముగింపే లేదు. అయిదో పుస్తకం 2011లో వచ్చింది, ఆరోది ఇంకా రాలేదు, సిరీస్ పుస్తకాలని దాటేసింది. అయితే ఆ పుస్తకాల రచయిత జార్జ్ మార్టిన్ తన మనసులో ఉన్న ముగింపులోని ముఖ్యమైన ఘట్టాలు సిరీస్ తీసేవాళ్లకి ముందే చెప్పాడు. అయినా జనం గగ్గోలు పెట్టారు, మళ్లీ తీయమని లక్షల మంది సంతకాలు చేశారు. నా అనుమానం, తప్పు ముగింపుది కాదు. మొదటి ఆరు సీజన్లకి పదేసి ఎపిసోడ్లు, ఏడో దానికి 7, చివరిదానికి 6. ఒక రాణి దయ నుంచి క్రూరత్వానికి జారడానికి కావలసినంత దారి వేయలేదు. మేం సాగదీసి చెడగొట్టాం, వాళ్లు కుదించి చెడగొట్టారు.

సరిగ్గా కుదిరినది చెప్పమంటే అగాథా క్రిస్టీ నవల అండ్ దెన్ దేర్ వర్ నన్ చెబుతాను. 1939 నవల. దీవి మీద 10 మంది, ఒక్కరూ మిగలరు. విచిత్రమేమిటంటే, ఆ ముగింపుని మొదట మార్చింది ఆవిడే. 1943లో నాటకంగా రాసినప్పుడు ఇద్దరిని నిర్దోషులని చేసి బతికించింది, వాళ్లిద్దరినీ కలిపింది. కారణం ఆదర్శాలేమీ కాదు, పనిలో వచ్చిన ఇబ్బంది: అందరూ చచ్చిపోతే స్టేజీ మీద జరిగింది చెప్పేదెవరు? నవలలో అయితే సీసాలో దొరికిన ఉత్తరం చెబుతుంది. నాటకంలో ఉత్తరం చదివితే జనం లేచి వెళ్లిపోతారు. 1945 సినిమా కూడా నాటకం ముగింపునే తీసుకుంది. 2015 డిసెంబరులో బీబీసీ దాన్ని 3 భాగాలుగా తీసినప్పుడు మళ్లీ నవల దగ్గరికే వెళ్లింది, అందరూ చచ్చిపోయారు. కానీ సీసా, ఉత్తరం తీసేశారు. హంతకుడే చివర్లో ఎదురుగా వచ్చి కూర్చుని మాట్లాడతాడు. ముగింపు అదే, అది మనకి తెలిసే పద్ధతి మారింది. 3 భాగాలే అని ముందే తెలుసు కాబట్టి ఎవరినీ కాపాడి నాలుగో భాగానికి దాచుకోవాల్సిన అవసరం లేకపోయింది.

మనకైనా ఇది కొత్త తగాదా కాదు. గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణాన్ని యుద్ధకాండతో ఆపితే కొడుకులు ఉత్తరకాండ రాశారు. 1988లో దూరదర్శన్ రామాయణం పట్టాభిషేకంతో ఆగితే, ఉత్తర కథ కూడా తీయాలని ఉత్తరాదిన వాల్మీకి వర్గానికి చెందిన పారిశుధ్య కార్మికులు సమ్మె చేశారు. ఆ కథ కూడా తీశారు. వాళ్లకి వాల్మీకి ఆశ్రమం లేని రామాయణం పూర్తికాలేదు. చూసేవాళ్లు పట్టుబట్టి ముగింపు సాధించుకున్న సందర్భం ఇంతకు మించి నాకు తెలియదు.

మా అమ్మ మాత్రం రచయిత్రి గారంత ఉదారంగా లేదు. వ్రతం పీటల ఎపిసోడ్ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. శుభం కార్డు పడక ముందే టీవీ కట్టేసింది. "ఏరా, మూడేళ్లు ఆ జ్వరాలు, ఆ మతిమరుపు గోలంతా ఎందుకు చూశాననుకున్నావు? ఎప్పటికైనా అది తాళం వేస్తుందనేగా" అంది. కథ మారింది కదమ్మా, ఆ పాత్రకి అదే సరిపోతుంది అని సర్దిచెప్పబోయాను. "అలాంటప్పుడు టైటిల్స్‌లో ఆవిడ నవల పేరు వేయడమెందుకు? మీ పేరే వేసుకోండి" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. మూడేళ్లు ప్రతి రోజూ ఆ పేరు వేసి మేం అమ్ముకున్నది ఆ తాళాన్నే.

కాబట్టి మీ సిరీస్ విషయానికొస్తే, ముగింపు మారుస్తున్నారన్న వార్త కంటే ముందు ఒకటి కనుక్కోండి: 'లిమిటెడ్ సిరీస్' (ఇన్ని భాగాలే అని ముందే తేల్చుకుని తీసేది) అంటున్నారా, 'సీజన్ 1' అంటున్నారా? మొదటిదైతే మార్చినా భయపడకుండా చూడండి. ఆలోచించే మార్చి ఉంటారు, నచ్చకపోతే నవల ఎలాగూ ఉంది. సీజన్ 1 అంటే మాత్రం, నవల చివరి పేజీ ఏ ఎపిసోడ్‌లో వస్తుందో చూసుకుని అక్కడ ఆపేయండి. హ్యాండ్‌మెయిడ్స్ టేల్ మా అమ్మకి చూపించినప్పుడు నేను అదే చేశాను. వ్యాను తలుపు మూసుకోగానే రిమోట్ నొక్కేశాను. ఆ తర్వాత 5 సీజన్లు ఉన్నాయని ఆవిడకి ఇప్పటికీ తెలియదు.