కొయ్యలు కలిపి దున్నితే పైరు ఎందుకు పసుపుబారింది?

ప్రశ్న: హార్వెస్టర్‌తో వరి కోయిస్తే మోకాలెత్తు కొయ్యలు మిగిలాయి. నిరుడు కాల్చకుండా దమ్ములో (నీరు పెట్టి బురదగా దున్నేటప్పుడు) కలిపి మూడో రోజే నాటాం. పది రోజులకే పైరు పసుపుబారింది. అడుగేస్తే బుడగలు, కుళ్లిన గుడ్డు వాసన. ఈసారి నాటుకు 25 రోజులుంది. కాల్చేయమంటారా?

జవాబు: వద్దు. నిరుటి తప్పు గడ్డి కలపడం కాదు, అది కుళ్లకముందే నాటడం. వరిగడ్డిలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. అందుకే దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని లాగేసుకుంటాయి, పైరుకు దక్కదు. నిలవ నీటిలో గాలాడక కుళ్లేటప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టి వేర్లు నల్లబడతాయి. మీకు వచ్చిన వాసన దానిదే.

ఈ 25 రోజులు సరిపోతాయి. హార్వెస్టర్ వెనక వరుసలుగా పడిన గడ్డిని బేలర్‌తో కట్టలు కట్టించండి, లేదంటే మడంతా సమంగా పరచండి. వరుసలను అలాగే వదిలితే కలియదున్నే యంత్రమైన రోటవేటర్‌కు చుట్టుకుంటుంది, గడ్డి కుప్పపడిన చోటల్లా పైరు మచ్చలుగా పసుపుబారుతుంది. నేలలో పదునుండగానే ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ (భాస్వరం ఎరువు) చల్లి, రోటవేటర్‌తో పైపైన కలియదున్నండి. ఆ మేరకు తర్వాత వేసే భాస్వరం తగ్గించుకోవచ్చు. రెండు వారాలు తేమ చాలు, నీరు నిలపకూడదు. చాలామంది ఇక్కడే తొందరపడి నీరు పెట్టేస్తారు. ఆ తర్వాతే దమ్ము. ఆఖరి దమ్ములో తొలి దఫా యూరియా తప్పనిసరి.

టన్ను గడ్డి కాలిస్తే సుమారు 5.5 కిలోల నత్రజని పోతుంది, అంటే 12 కిలోల యూరియా. పొటాష్ బూడిదలో మిగిలినా గాలికి, వానకు కొట్టుకుపోతుంది. కాండం తొలుచు పురుగు చస్తుందన్నది సగం నమ్మకమే: అది దాగేది కొయ్య మొదట్లో, మంట పైగడ్డిని కాల్చి దాటిపోతుంది. దున్ని నీరు పెడితేనే బాగా చస్తుంది.

అయినా బుడగలు, వాసన కనిపిస్తే నీరు తీసేసి, సన్నని నెర్రెలు వచ్చేదాకా ఆరబెట్టి, కొత్త నీరు పెట్టాక యూరియా వేయండి. ఆరబెట్టకుండా వేస్తే దెబ్బతిన్న వేర్లు అందుకోలేవు. ఆకు నడి ఈనె మొదట్లో పాలిపోయి, ముదురాకులపై తుప్పు మచ్చలుంటే అది జింకు లోపం. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేట్ కలిపి, 5 రోజుల తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ చేయండి. అందులో పురుగుమందులు కలపొద్దు.