ఈజిప్టు యోగా, మన యోగా: షికాగోలో ఉన్న అమ్మడికి

అమ్మడూ,

నీ మెసేజ్ చదివాను. జూన్ 21న మీ తెలుగువాళ్ల సభలో "ఆఫ్రికా యోగా, ఇండియా యోగా" మీద పావుగంట మాట్లాడమన్నారట. నువ్వు వెళ్లే కెమెటిక్ యోగా (కెమెట్ అంటే ఈజిప్టు పాత పేరు) క్లాసు సంగతి చెబితే మనవాళ్లు ఏమంటారో అని టెన్షన్ పడుతున్నావు. ధైర్యంగా మాట్లాడు. ఆ యోగా పుట్టింది మీ ఊళ్లోనే. అక్కడ ఉన్నవాళ్లే చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

ముందుగా, "ఎవరిది ముందు?" అన్న ప్రశ్నను నీ కాగితం మీంచి కొట్టెయ్యి. సభలో ఎవరో ఒకరు లేచి ఎలాగూ అడుగుతారు. ఈజిప్టు గోడల మీది బొమ్మలు వేల ఏళ్లవి కాబట్టి యోగా అక్కడే మొదలైందని కొందరు అంటారు. మొహెంజొదారో ముద్ర మీద కాళ్లు మడిచి కూర్చున్న ఆకారం ఉంది కాబట్టి మనదే ముందని మనవాళ్లు అంటారు. ఆ ముద్ర మీది లిపిని ఇప్పటికీ ఎవరూ చదవలేకపోయారు. ఆ కూర్చున్నది ఎవరో, ఏం చేస్తున్నారో చెప్పే ఆధారమేదీ లేదు. ఈజిప్టు రాతను చదవగలుగుతున్నాం కానీ, ఇలా వంగాలి, ఇంతసేపు ఊపిరి బిగబట్టాలి అని నేర్పే రాత అందులో దొరకలేదు. ఇటలీలో ట్యూరిన్ మ్యూజియంలో ఒక రాతిపెంకు మీద వెనక్కి వంగి చేతులు నేలకు ఆనించిన అమ్మాయి బొమ్మ ఉంది. మూడు వేల ఏళ్ల పైబడినది. చూడ్డానికి అచ్చం చక్రాసనమే, కానీ ఆమె నాట్యం చేసే మనిషి. కర్నాక్‌లో హత్షెప్సుత్ రాణి కట్టించిన ఎర్రరాతి మందిరం మీద అలా వంగినవాళ్లు కూడా దేవుడి పండగలో విన్యాసాలు చేసేవాళ్లే. వాళ్ల బొమ్మను ఏ కొలతతో చూస్తావో మన ముద్రనూ అదే కొలతతో చూడు. నాకు ఇది చాలా ముఖ్యమైన విషయం.

కొత్త సంగతుల దగ్గర కూడా అంతే నిజాయితీ కావాలి. 1970ల్లో అసర్ హాపి, యిర్సర్ రా హోతెప్ అనే ఇద్దరు ఆ బొమ్మలనూ రాతలనూ చదువుకుని, షికాగోలో ఈ కెమెటిక్ యోగా పద్ధతిని కట్టారు. "అయితే నిన్నమొన్నటిదేగా" అని ఎవరైనా తేలిగ్గా తీసేస్తే, మన క్లాసుల సంగతి చెప్పు. యోగసూత్రాల్లో పతంజలి ఆసనం గురించి చెప్పింది మూడే సూత్రాలు. ఆసనాలూ ఊపిరి సాధనా నేర్పే హఠయోగానికి పేరున్న గ్రంథం, పదిహేనో శతాబ్దపు హఠయోగ ప్రదీపికలో ఉన్నవి 15 ఆసనాలు, అందులోనూ చాలావరకు కూర్చుని వేసేవే. ఈ రోజు హైదరాబాదులోనైనా షికాగోలోనైనా నిలబడి ఒకదాని వెంట ఒకటిగా వేసే వరసలకు పెద్ద ఊపు వచ్చింది 1930ల్లో, మైసూరు మహారాజు ప్రాపకంలో కృష్ణమాచార్య గారు నేర్పినప్పుడు. తర్వాత ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న యోగా గురువులు అయ్యంగార్, పట్టాభి జోయిస్ ఆయన శిష్యులే. మీ ఊళ్లోనే 1893లో ప్రసంగించిన వివేకానందుడు, తర్వాత రాజయోగం మీద రాసినప్పుడు హఠయోగాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

అయినా తేడా ఉంది, దాన్ని దాచకు. మనకు గ్రంథాలున్నాయి, వాటి మీద వ్యాఖ్యానాలున్నాయి, నేర్పే గురువులు తరతరాలుగా ఉన్నారు. కెమెటిక్ యోగాను కట్టుకున్న అమెరికా నల్లజాతివాళ్ల తాతముత్తాతలనేమో ఆఫ్రికా నుంచి బానిసలుగా ఓడల్లో కుక్కి తీసుకొచ్చి, పేరూ భాషా దేవుడూ అన్నీ లాగేశారు. అలా తెగిపోయినవాళ్లు ఆఫ్రికాలోని ఒక గొప్ప నాగరికత వైపు చెయ్యి చాచి, అక్కడి బొమ్మల్లో తమ శరీరాన్ని చూసుకున్నారు. ఈ బాధ అర్థం కానివాళ్లు కెమెటిక్ యోగాను కాపీ అనేస్తారు. నీ ప్రసంగంలో ఈ మాటకు కాస్త ఎక్కువ సమయం ఇవ్వు.

పోల్చి చూడదగినది అసలు ఆసనాల్లో కన్నా నడవడిలో ఎక్కువ ఉంది. మాత్ అంటే పాతకాలపు ఈజిప్టువాళ్లకు సత్యం, సమతూకం, లోకం సరిగ్గా నడిచే తీరు. ఈక ధరించిన దేవత కూడా ఆమే. చనిపోయినవాడి గుండెను తక్కెడలో ఒకవైపు, ఆమె ఈకను ఇంకోవైపు పెట్టి తూస్తారు. అతను 42 మంది దేవతల ముందు నిలబడి దొంగతనం చెయ్యలేదు, అబద్ధం ఆడలేదు, ఎవరినీ చంపలేదు అని ఒక్కొక్కటే చెప్పుకోవాలి. వింటుంటే మన చిత్రగుప్తుడు గుర్తొస్తాడు, పతంజలి యమాలూ, అంటే ఆయన చెప్పిన నడవడి కట్టుబాట్లూ, గుర్తొస్తాయి: అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం. ఇక్కడ ఆగి ఆలోచించు. పతంజలి వీటిని ఆసనం వెయ్యకముందే, ధ్యానానికి కూర్చోకముందే పాటించమన్నాడు. ఈజిప్టువాడు అవే మాటలను బతుకంతా గడిచాక లెక్కగా అప్పజెప్పాలి. పైగా కోరుకునేది కూడా వేరు. వాళ్లు శరీరాన్ని చెడిపోకుండా కాపాడుకుని, అవతలి లోకంలోనూ పొలం దున్నుకుంటూ హాయిగా ఉండాలనుకున్నారు. మన యోగికి కావలసింది ఈ చావుపుట్టుకల రాకపోకల నుంచే విడుదల. కాబట్టి "రెండూ ఒకటే" అని తీపి మాట చెప్పి కూర్చోకు. అది ఇద్దరికీ అన్యాయం.

ఇక నీ సాధన గురించి. ఒకే పూట రెండూ కలిపి చెయ్యకు. కెమెటిక్ పద్ధతిలో ఒక భంగిమ నుంచి ఇంకోదానికి చాలా నెమ్మదిగా, ఊపిరితో కలిసి వెళ్లాలి. మన సూర్యనమస్కారాల వేగం అలవాటైన ఒంటికి మొదట్లో విసుగొస్తుంది. ఆ విసుగును దాటే దాకా దాని గుణం తెలియదు, కొన్ని వారాలు అదే చెయ్యి. ఊపిరి బిగబట్టే చోట మాత్రం తొందరపడకు. సింహాన్నీ ఏనుగునూ పులినీ మెల్లమెల్లగా మచ్చిక చేసినట్టే ప్రాణాన్ని లొంగదీసుకోవాలని హఠయోగ ప్రదీపిక చెబుతుంది. మీ అమ్మ అక్కడికి వచ్చినప్పుడు ఆమెకూ నేర్పుతానన్నావుగా, ఆమెకు బీపీ ఉంది. బిగబట్టడం పూర్తిగా మానిపించు. ఈజిప్టు రాజుల, అంటే ఫారోల, విగ్రహాల్లాగా కుర్చీలో నిటారుగా, తొడల మీద చేతులు పెట్టి కూర్చునే భంగిమ నేర్పు. నేల మీద కూర్చోలేని పెద్దవాళ్లకు అది ఎంత మేలో నా దగ్గరకు వచ్చే మోకాళ్ల నొప్పులవాళ్లను చూస్తే తెలుస్తుంది.

ఇంకో చిన్న మాట. ఆఫ్రికా అంటే ఈజిప్టు ఒక్కటే అనుకునేలా మాట్లాడకు. 1860 నుంచి మద్రాసు ఓడరేవు మీదుగా దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు కూలికి వెళ్లినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడి దర్బన్‌లో రుషికేశ్ స్వామి శివానందుల సంప్రదాయ ఆశ్రమం ఏళ్లుగా ఉంది. కెన్యాలోని నైరోబీలో 2007 నుంచి కుర్రవాళ్లను యోగా టీచర్లుగా తయారు చేస్తున్నారు. అది ఇక్కడి నుంచి వెళ్లిన యోగా, కెమెటిక్ దారి వేరు. రెంటినీ కలగాపులగం చెయ్యకుండా రెండు మాటల్లో చెప్పు చాలు.

మీ క్లాసు టీచర్‌ని కూడా సభకు పిలువు. వాళ్ల పద్ధతి గురించి వాళ్లే చెప్పాలి, వాళ్లే చేసి చూపించాలి. నీ పావుగంటలో ఐదు నిమిషాలు వాళ్లకివ్వు, ఆ కుర్చీ భంగిమ చూపించడానికి వేదిక మీద చేతులు లేని కుర్చీ ఒకటి వేయించమని ముందే చెప్పి ఉంచు.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ