కత్తెర పురుగు కొండెక్కుతోంది: ఎత్తు పొలాల మొక్కజొన్నకు సలహా

ప్రశ్న: కొండ వాలు మీద, చల్లటి చోట మొక్కజొన్న వేస్తున్నాం. కింది పొలాల్లో ఉండే కత్తెర పురుగు ఇన్నాళ్లూ మా దగ్గర అరుదుగా కనిపించేది. ఇప్పుడు ఒకే పంటలో రెండు విడతలుగా వస్తోంది. మందు కొట్టినా మొవ్వులు తినేస్తోంది. ఎండలు పెరగడమే కారణమా? ఇంకో నాలుగు వందల మీటర్లు పైకి, అడవి అంచున వేస్తే తప్పించుకోవచ్చా?

జవాబు: కొత్తగా వచ్చిన ప్రతి పురుగునూ ఎండల ఖాతాలో వేయలేం. కత్తెర పురుగు అమెరికా ఖండాలది. 2016లో ఆఫ్రికాలో, 2018లో ఇండియాలో బయటపడింది. సముద్రాలు దాటడానికి వేడెక్కిన వాతావరణం అక్కర్లేదు, సరుకుల రవాణా చాలు. అయితే మీ ఎత్తులో అది నిలదొక్కుకోవడానికి మాత్రం వేడి కారణం కావచ్చు. లెక్క వేసి చూడండి.

గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా ఎదగడానికి దీనికి సుమారు 12.6 డిగ్రీలకు పైన ఉన్న వేడే పనికొస్తుంది. రోజు గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల సగటులోంచి 12.6 తీసేసి, మిగిలింది రోజూ కూడుతూ పోండి. మొత్తం 390 దాటేసరికి ఒక తరం పూర్తవుతుంది. సగటు 18 డిగ్రీలైతే అందుకు 72 రోజులు పడుతుంది, 20 అయితే 53 రోజులే. అంటే 130 రోజుల పైరులో రెండు తరాలు కూడా నిండని చోట రెండు దాటుతాయి. అదే మైదానంలో సగటు 28 నుంచి 30కి పెరిగితే ఒక తరానికి తగ్గేది మూడు రోజులే. రెండు డిగ్రీలు కింది రైతుకు పెద్దగా తెలియకపోయినా మీకు తెలిసేది ఇందుకే.

చలికాలం సంగతి ఇంకా ముఖ్యం. ఈ పురుగుకు చలిలో నిద్రావస్థకు వెళ్లే గుణం లేదు. గట్టి చలికి చచ్చిపోతుంది, మళ్లీ వెచ్చటి చోటి నుంచి ఎగిరి రావాలి. అది ఎగిరొస్తోందా, మీ పొలంలోనే కాపురం పెట్టిందా అన్నది ముందు తేల్చుకోండి. ఎకరానికి నాలుగు లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ పురుగుల్ని పట్టేవి) పైరుకు కాస్త పైన కట్టి, అత్యంత చలి నెలలోనూ ఉంచండి. అప్పుడూ పురుగులు వరుసగా పడుతుంటే మీ దగ్గరే బతుకుతోందని అనుమానించాలి. అలాంటప్పుడు పంటకూ పంటకూ మధ్య దానికి తిండి దొరకనివ్వకూడదు. రాలిన గింజల నుంచి మొలిచిన మొక్కజొన్న, జొన్న పిలకలు పీకేయండి. కోత కాగానే పైపైన దున్నితే మట్టిలోని కోశాలు (లార్వా రెక్కల పురుగుగా మారే దశ) ఎండకూ పక్షులకూ బయటపడతాయి. విత్తడం చుట్టుపక్కల అందరూ రెండు వారాల లోపు ముగించాలి. ఒకరి లేత పైరు ఇంకొకరి ముదురు పైరు పక్కన ఉంటే పురుగుకు పండగే.

మందు పని చేయకపోవడానికి చాలాసార్లు కారణం ఆలస్యం. లార్వా పెద్దదై మొవ్వులోకి దిగితే దాని విసర్జనే పైన బిరడాలా మూసుకుపోతుంది, ద్రావణం లోపలికి చేరదు. ఆకుల మీద పొరలా గీకిన తెల్లటి మచ్చలు కనిపించే దశలోనే పట్టుకోవాలి. ఐదు చోట్ల ఇరవై చొప్పున వంద మొక్కలు చూడండి. మూడు వారాల లోపు పైరులో ఐదు మొక్కలకు గాటు ఉంటే 1500 పి.పి.ఎం. వేపమందు లీటరు నీటికి 5 మి.లీ. కలిపి చల్లాలి. ఆ తర్వాతి దశలో పది దాటితే క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్.సి. 0.4 మి.లీ. లేదా ఇమామెక్టిన్ బెంజోయేట్ 5 ఎస్.జి. 0.4 గ్రాములు లీటరుకు. మీ ప్రాంతంలో మొక్కజొన్నకు అనుమతి ఉన్నదే, లేబుల్ ప్రకారమే వాడండి. సాయంత్రం, నాజిల్ మొవ్వులోకి పెట్టి కొట్టాలి. తర్వాతి తరానికి మందు మార్చాలి. మొక్క కొసన జల్లు (మగ పూత) వచ్చాక రసాయనాలు ఆపేయండి.

వేపమందుతో మొదలుపెట్టమనడానికి ఇంకో కారణం ఉంది. జీవులన్నీ ఒకే వేగంతో చోటు మారవు. పంటల పురుగులు, తెగుళ్లు 1960 నుంచి సగటున ఏటా 2.7 కి.మీ. చొప్పున ధ్రువాల వైపు జరిగాయని 2013లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. వాటిని అదుపులో పెట్టే పరాన్నజీవులు వెంటనే రాకపోవచ్చు. యూరప్, ఉత్తర అమెరికాల్లో బంబుల్ తేనెటీగలైతే వేడి వైపున ఉన్న నెలవులు పోగొట్టుకున్నాయే గాని చల్లటి వైపుకు అంతగా విస్తరించలేదు. మీ దగ్గరికి ఇప్పుడిప్పుడే చేరుతున్న మిత్ర పురుగుల్ని ఘాటు మందుతో చంపేస్తే మళ్లీ ఎప్పుడొస్తాయో చెప్పలేం. ట్రైకోగ్రామా (పురుగు గుడ్లను నాశనం చేసే చిన్న మిత్ర పురుగు) కార్డులు వేసేట్లయితే ఎకరానికి 50,000 చొప్పున వారం వారం మూడుసార్లు, ఆ రోజుల్లో రసాయనం తాకకుండా వేయండి. బాగా చలిగా ఉన్న రోజుల్లో వాటి కదలిక మందగిస్తుంది కాబట్టి కాస్త ఎండపొడ చూసి కట్టండి.

అడవి అంచుకు మాత్రం వెళ్లొద్దు. ఈ రెక్కల పురుగు గాలి అనుకూలిస్తే ఒక్క రాత్రిలో 100 కి.మీ. పోగలదు, మీరు ఎక్కే నాలుగు వందల మీటర్లు దానికి లెక్క కాదు. పైకి పోయేకొద్దీ కొండ చుట్టుకొలత తగ్గుతుంది. వేడి తట్టుకోలేక పైకి జరిగిన మొక్కలు, పక్షులు, పురుగులు ఇప్పటికే అక్కడ ఇరుకున పడి ఉంటాయి. పైగా ఆ పొదల్లోనే మీ పొలానికి వచ్చే గుడ్డు పరాన్నజీవులు, సాలీళ్లు తలదాచుకుంటాయి. ఆ శ్రమేదో ఉన్న పొలం గట్టున రెండు వరుసల పూల మొక్కలు, మధ్యలో పప్పు జాతి అంతర పంట వేయడానికి పెట్టండి.

గొర్రెలు కూడా ఉంటే ఒక జాగ్రత్త. నీలి నాలుక వ్యాధి మోసే చిన్న దోమల్లాంటి ఈగలకూ, వాటి ఒంట్లో పెరిగే వైరస్‌కూ వెచ్చదనం కలిసొస్తుంది. 2006లో ఆ జబ్బు మొదటిసారి ఉత్తర యూరప్ దాకా పోయింది. మంద మూతి, నాలుక వాచి చొంగ కారుతుంటే సాయంత్రం నుంచి ఉదయం దాకా లోపలే కట్టి, వెంటనే పశువైద్యుడికి చూపించండి. మీ ప్రాంతంలో తిరిగే రకానికి సరిపడే టీకా ఉందో లేదో ఆయన్నే అడగండి.