ఇంప్లాంట్ కోసం ఆస్పిరిన్ ఆపేశారా? ముందు ఆ సంగతి చూద్దాం

ప్రశ్న: నా వయసు 56. కింది దవడలో ఎడమవైపు దవడపన్ను తీయించి రెండేళ్లయింది. ఇప్పుడు ఇంప్లాంట్ పెట్టించుకుందామనుకుంటున్నాను. పదేళ్లుగా షుగర్ ఉంది. గుండెకు స్టెంట్ వేసి మూడేళ్లయింది, ఆస్పిరిన్ వాడుతున్నాను. రక్తం ఎక్కువ పోతుందని విని నాలుగు రోజుల క్రితం ఆపేశాను. ఎముకల బలానికి వారానికోసారి ఒక మాత్ర కూడా వేసుకుంటాను. ఇంప్లాంట్ పెట్టేటప్పుడు నొప్పి ఎంత ఉంటుంది? రూట్ కెనాల్ చేయించుకున్నప్పటి డైక్లోఫెనాక్, అమాక్సిసిలిన్ కొన్ని మిగిలాయి, సరిపోతాయా? తెలిసినవాళ్లకు మూడు రోజుల్లోనే పళ్లు పెట్టేశారు, నాకు మాత్రం నాలుగు నెలలంటున్నారు. రెండు నెలల్లో ప్రయాణం ఉంది. ఆలోగా అయిపోతుందా?

జవాబు: నొప్పి సంగతి తర్వాత. ఆస్పిరిన్ ఎవరు ఆపమన్నారమ్మా? ఇవాళే మీ గుండె డాక్టర్‌కు ఫోన్ చేసి, నాలుగు రోజులుగా వేసుకోవడం లేదని చెప్పండి. ఆయన చెప్పినట్టు మళ్లీ మొదలుపెట్టండి. ఇంప్లాంట్ అంటే పన్ను పోయిన చోట దవడ ఎముకలో బిగించే స్క్రూ. ఒక్క ఇంప్లాంట్‌కు చిగురును కొద్దిగా తెరుస్తాం, రెండు మూడు కుట్లు వేస్తాం. ఆ రక్తాన్ని గాజుగుడ్డ అదిమిపెట్టి, కుట్లతో అదుపు చేయొచ్చు. స్టెంట్‌లో గడ్డ కడితే అలా అదుపు చేయలేం. పైగా ఆస్పిరిన్ ప్రభావం ప్లేట్‌లెట్ల మీద వారం పది రోజులుంటుంది. నాలుగు రోజులు ఆపితే రక్తస్రావం భయం పూర్తిగా పోదు, స్టెంట్‌కు ఉన్న రక్షణ మాత్రం తగ్గుతుంది. దీంతోపాటు రక్తం పలచబడే మాత్ర ఇంకేదైనా వాడుతుంటే దాని పేరు కూడా దంత వైద్యుడికి చెప్పాలి. ఆపాలా వద్దా అన్నది ఆ ఇద్దరు డాక్టర్లు మాట్లాడుకుని తేల్చాల్సిన విషయం.

రెండోది, మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన ఎముకల మాత్ర. షీటు వెనక పేరు చూడండి. వారానికోసారి వేసుకునేది కాబట్టి అలెండ్రోనేట్ గానీ రైసెడ్రోనేట్ గానీ అయి ఉండొచ్చు. ఇవి ఎముక అరుగుదలను ఆపుతాయి, మంచిదే. కానీ దవడ ఎముకకు గాయమైతే పాతది పోయి కొత్తది రావాలి, ఆ పని కూడా నెమ్మదిస్తుంది. అరుదుగా గాయం మానక ఎముక బయటపడిపోతుంది. ఆస్టియోపొరోసిస్‌కు, అంటే ఎముకలు గుల్లబారే జబ్బుకు, మాత్ర రూపంలో వాడేవారిలో ఈ ముప్పు తక్కువే, అందుకని ఇంప్లాంట్ వద్దనను. ఎన్నేళ్లుగా వాడుతున్నారన్నది మాత్రం ముఖ్యం. ఏళ్లు గడిచేకొద్దీ ముప్పు పెరుగుతుంది. క్యాన్సర్ చికిత్సలో ఇదే తరహా మందును ఎక్కువ మోతాదులో ఇంజెక్షన్‌గా తీసుకునేవారికైతే సాధారణంగా ఇంప్లాంట్ పెట్టం. ఇక 'ఒక నెల ఆపేసి వెళ్తాను' అనకండి. ఈ మందు ఎముకలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది, నెల రోజులు ఆపితే దంతానికి ఒరిగేదేమీ లేదు. ఎముకల బలానికే ఆరు నెలలకోసారి ఇచ్చే డెనోసుమాబ్ ఇంజెక్షన్ సంగతి ఇంకా వేరు. దాన్ని సొంతంగా దాటేస్తే వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది.

షుగర్ ఉందన్నారు కానీ హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష, ఎంతో రాయలేదు. గత మూడు నెలల లోపలి రిపోర్టు కావాలి. 7 లోపుంటే నిశ్చింత. 7కీ 8కీ మధ్య ఉంటే మిగతావి చూసి ముందుకెళ్లొచ్చు. 8 దాటితే నేనైతే వాయిదా వేస్తాను. గాయం ఆలస్యంగా మానుతుంది, చీము పట్టే అవకాశం పెరుగుతుంది. అన్నట్టు, ఆ రోజు పస్తుతో వెళ్లకండి. మత్తు చిగురు వరకే ఇస్తారు కాబట్టి మామూలుగా తిని, షుగర్ మాత్ర వేసుకునే వెళ్లాలి. కుర్చీలో షుగర్ పడిపోతే అది మరో తలనొప్పి. నిద్రమత్తు ఇస్తామంటే మాత్రం వాళ్లు చెప్పిన ప్రకారం నడుచుకోండి.

పన్ను తీసి రెండేళ్లయింది కాబట్టి స్కాన్ తప్పదు. పన్ను పోయిన చోట మొదటి ఏడాదిలోనే ఎముక వెడల్పు సుమారు సగం తగ్గిపోతుంది, అందులో ఎక్కువ భాగం తొలి మూడు నెలల్లోనే. సీబీసీటీ అనే దవడ త్రీడీ స్కాన్‌లో మిగిలిన ఎముక వెడల్పు, ఎత్తు, లోపల నరం ఎక్కడుందో కనిపిస్తాయి. కింది దవడలో ఆ నరానికి కనీసం 2 మిల్లీమీటర్లు ఎడం వదలాలి. మామూలు ఎక్స్‌రే ఒక్కటే చూసి 'పెట్టేద్దాం' అంటే స్కాన్ ఎందుకు వద్దో అడగండి. ఎముక చాలకపోతే ముందు ఎముక పొడి వేసి నాలుగు నుంచి ఆరు నెలలు ఆగాల్సి రావచ్చు. పక్క పన్ను ఖాళీలోకి ఒరిగిందా, పై పన్ను కిందికి దిగిందా అనేది కూడా చూస్తారు. ఇంప్లాంట్ మీద పెట్టే కృత్రిమ పన్నుకు, అంటే క్రౌన్‌కు, చోటుండాలిగా.

ఇప్పుడు నొప్పి. మత్తు ఇంజెక్షన్ సూది తప్ప పెద్దగా తెలియదు. ముందు సుమారు 2 మిల్లీమీటర్ల డ్రిల్లుతో ఎముకలో రంధ్రం చేసి, ఒకదాని తర్వాత ఒకటి లావుపాటి డ్రిల్లులతో వెడల్పు చేస్తారు. అదంతా సెలైన్ ధారగా పోస్తూనే. నోరు నిండిపోతున్నట్టు అనిపించేది అందుకే, సక్షన్ పైపు లాగేస్తుంది. ఎముక 47 డిగ్రీలు దాటి నిమిషం పాటు వేడెక్కితే అక్కడి కణాలు చచ్చిపోతాయి, ఆ చచ్చిన ఎముకకు స్క్రూ అంటుకోదు. కాబట్టి డాక్టర్ ఆగి ఆగి చేస్తుంటే విసుక్కోకండి. ఆ తర్వాత టైటానియం స్క్రూ బిగిస్తారు. దవడపన్ను చోట సాధారణంగా 4 నుంచి 5 మిల్లీమీటర్ల మందం, 8 నుంచి 12 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. ఆ బిగింపు నొప్పిగా కాదు, దవడను ఎవరో అదుముతున్నట్టు తెలుస్తుంది. ఒక్క ఇంప్లాంట్‌కు కుర్చీలో గంట లోపే.

వాపు రెండో మూడో రోజుకు ఎక్కువై తర్వాత తగ్గుతుంది. మొదటి రోజు బయట బుగ్గ మీద ఐస్ పెట్టండి, 15 నిమిషాలు పెట్టి కాసేపు ఆపి మళ్లీ. ఆ రోజంతా ఉమ్మడం, పుక్కిలించడం, స్ట్రాతో పీల్చడం వద్దు, గడ్డకట్టిన రక్తం కదిలిపోతుంది. మర్నాటి నుంచి ఉప్పునీళ్లు మెల్లగా. పనికి రెండు రోజులు సెలవు పెట్టుకుంటే చాలామందికి చాలు. అయిదో రోజు తర్వాత నొప్పి తగ్గకుండా పెరుగుతుంటే మాత్రం మాత్రలు మింగుతూ కూర్చోకుండా వెళ్లి చూపించుకోవాలి.

ఆ డైక్లోఫెనాక్ వాడకండి. స్టెంట్ ఉన్న గుండెకు అది మంచిది కాదు, షుగర్ ఉన్నవారి కిడ్నీల మీదా భారమే. దానికి బదులు ఐబూప్రొఫెన్ అంటారేమో, అది ఆస్పిరిన్ పనికి అడ్డుపడుతుంది. మీలాంటివారికి సాధారణంగా పారాసిటమాల్ రాస్తాం, ఎంత డోసు, ఎన్నిసార్లు అన్నది మీ డాక్టర్ చెప్పినట్టే. మిగిలిన అమాక్సిసిలిన్ కూడా పక్కన పెట్టండి. యాంటీబయాటిక్ అవసరమనుకుంటే చాలాసార్లు గంట ముందు ఒక్క పెద్ద డోసు ఇస్తాం. మిగిలిన నాలుగు క్యాప్సూల్స్ పూటకొకటి వేసుకుంటే సూక్ష్మక్రిములు చావవు, మందుకు అలవాటు పడతాయి. అసలు పోయినసారి కోర్సు పూర్తి చేసి ఉంటే అవి మిగిలేవే కావు.

మూడు రోజుల్లో పళ్లు పెట్టడం అబద్ధమేమీ కాదు. అనేక ఇంప్లాంట్లు వేసి, వాటన్నిటినీ ఒకే కట్టుగా బిగించినప్పుడు కొందరిలో కుదురుతుంది. వెనకవైపు ఒంటరి దవడపన్ను మీద నమిలే బరువంతా ఒక్క స్క్రూ మీదే పడుతుంది. ఇక్కడో మెలిక ఉంది. పెట్టిన రోజు స్క్రూ గట్టిగానే ఉంటుంది, అది ఎముకలో బిగుసుకున్న పట్టు. తర్వాతి వారాల్లో చుట్టూ పాత ఎముక కొంత కరిగి, కొత్తది ఇంకా ముదరని దశ వస్తుంది. మూడు నాలుగు వారాలప్పుడు పట్టు బాగా తగ్గి ఉంటుంది. సరిగ్గా అప్పటికి నొప్పి పోయి, కుట్లు ఊడి, 'అంతా బాగైపోయింది' అని ఆ వైపు గట్టివి కొరుకుతారు. స్క్రూ లోపల సన్నగా కదిలితే ఎముకకు బదులు మెత్తటి పొర పడుతుంది, ఇక అది ఎప్పటికీ అంటుకోదు. అందుకే కింది దవడకు సాధారణంగా మూడు నెలలు, పై దవడకు నాలుగు నుంచి ఆరు నెలలు. మీ షుగర్, ఎముకల మాత్ర చూసి ఇంకో నెల కలిపి ఉంటారు. నేనైనా కలుపుతాను.

ఆ తర్వాత స్క్రూనూ క్రౌన్‌నూ కలిపే ముక్క అబట్‌మెంట్, దాని మీద క్రౌన్. ఎప్పుడైనా క్రౌన్ కదిలినట్టుంటే ఇంప్లాంట్ పోయిందని కంగారు పడకండి, చాలాసార్లు లోపలి చిన్న స్క్రూ వదులవుతుంది, బిగిస్తే సరి. అలాగే వాడుతూ పోతే మాత్రం ఆ స్క్రూ విరుగుతుంది. సొంత పంటిని ఎముకకు పట్టి ఉంచే స్నాయువు ఇంప్లాంట్‌కు ఉండదు కాబట్టి, చుట్టూ చిగురు పాడవుతున్నా నొప్పి ఆలస్యంగా తెలుస్తుంది. రోజూ సందుల్లో దూరే చిన్న బ్రష్‌తో శుభ్రం చేయాలి, అప్పుడు రక్తం కనిపిస్తే చూపించుకోవాలి.

ప్రయాణం లోపల క్రౌన్ రాదు. రక్త పరీక్ష, స్కాన్, గుండె డాక్టర్ మాట, ఎముకల డాక్టర్ మాట, ఇవన్నీ వచ్చేసరికి మూడు వారాలు ఎలాగూ పడతాయి. తిరిగొచ్చాకే పెట్టించుకోండి. ముందే పెట్టించుకోవాలనుకుంటే కనీసం కుట్లు విప్పేదాకా, అంటే ఏడు నుంచి పది రోజులు, ఊళ్లోనే ఉండాలి. మత్తు దిగిపోవాల్సిన వేళకు కూడా కింది పెదవి, గడ్డం మొద్దుబారే ఉంటే వారం చూద్దామనుకోకుండా మర్నాడు పొద్దున్నే మీ దంత వైద్యుడికి ఫోన్ చేయాలి. నరం మీద ఒత్తిడి ఉంటే స్క్రూ వెనక్కి తీయడానికి మొదటి ఒకటి రెండు రోజులే మంచి సమయం.