ఫీజు చీటీ చూడకుండా తాళి తియ్యకండి

జూలై 2021. బడి ఫీజుల మీద మీరు రాసిన ఉత్తరాలకు అమలాపురం నుంచి ఒక రిటైర్డ్ స్కూలు గుమస్తా జవాబులు.

ప్రశ్న: మాస్టారూ, మాది నరసాపురం పక్క పల్లె. ఆయన ఆటో తోలతారు, నేను లేసు అల్లుతాను. లాక్‌డౌన్‌లో ఆటో మూలపడింది, లేసు ఆర్డర్లూ ఆగిపోయాయి. పిల్ల చదువుకని జనవరిలో ప్రభుత్వం వేసిన అమ్మ ఒడి డబ్బులు ఆటో ఫైనాన్సు వాయిదాలకే చాల్లేదు. మా అమ్మాయి కాన్వెంటులో ఏడు పూర్తిచేసి ఎనిమిదికి వచ్చింది. బడి తెరిచిన నాలుగు నెలలూ వాళ్ల నాన్నే ఆటోలో దింపారు. ఇప్పుడు పాత బకాయి 20,500 కడితేగానీ ఆన్‌లైన్ క్లాసు లింకు పంపరట, టీసీ కూడా ఇవ్వరట. పుస్తెలతాడు తాకట్టు పెట్టి కట్టెయ్యమని మా అత్తగారు, పిల్లని మాన్పించి లేసుకి కూర్చోబెట్టమని మా ఆడపడుచు. ఫీజు చీటీ జిరాక్స్ పంపుతున్నాను. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ పుస్తెలతాడు మెడలోనే ఉంచండి. ఇలాంటి చీటీలు కౌంటర్లో కూర్చుని నా చేత్తో రాసినవాణ్ణి, ఎక్కడ చూడాలో నాకు తెలుసు. ట్యూషన్ 18,000, బస్సు 6,000, పరీక్షలు-ఇతరాలు 1,500. మొత్తం 25,500. మీరు కట్టిన 5,000 పోను 20,500 అని తేల్చారు.

రాష్ట్ర ప్రభుత్వం 2020 అక్టోబరు 30న ఒక జీవో ఇచ్చింది. 2020-21కి ప్రైవేటు స్కూళ్లు అంతకుముందు ఏడాది ట్యూషన్ ఫీజులో 70 శాతమే తీసుకోవాలి. మీ పాపకి ఆ ఏడాదీ 18,000 అనే చీటీలో ఉంది కాబట్టి కట్టాల్సింది 12,600. పాప ఎక్కని బస్సుకి 6,000 ఏంటండీ? ఇక పరీక్షలంటారా, ఏప్రిల్లో ఒకటి నుంచి తొమ్మిది దాకా అందర్నీ పరీక్షల్లేకుండానే పై తరగతికి పంపేశారు. 12,600లో మీ 5,000 తీసేస్తే మిగిలేది 7,600. మీ అత్తగారు తాళి తియ్యమంటున్నది 20,500కి!

గుమస్తాతో గొడవ పెట్టుకోకండి, పాపం ఆయన చేతిలో ఏమీ ఉండదు. మీవారిని వెంటబెట్టుకుని నేరుగా కరస్పాండెంటుని కలవండి. ఈ లెక్కంతా ఒక కాయితం మీద రాసి, ఇప్పుడు 1,600, తర్వాత నెలకి వెయ్యి చొప్పున ఆరు నెలలు కడతామని కింద సంతకం పెట్టి ఇవ్వండి. రెండో కాపీ మీద స్కూలు స్టాంపు వేయించుకోండి. ఫీజు కట్టలేదని పిల్లల్ని ఆన్‌లైన్ క్లాసులకి దూరం పెట్టకూడదని, పోయినేడాది ఫీజు ఆరు నెలవారీ వాయిదాల్లో తీసుకోవాలని సుప్రీంకోర్టు ఈ మే 3న చెప్పింది. అది రాజస్థాన్ స్కూళ్ల కేసే. అయినా ఆ వార్త వచ్చిన పేపరు కటింగు ఆ కాయితానికి పిన్ను కొట్టండి, మాట తీరు మారుతుంది.

అలాగని ఆ 7,600 ఎగ్గొట్టమని చెప్పను. జీతాల్లేక కూరగాయల బండి పెట్టుకున్న కాన్వెంటు టీచర్లని నేనెరుగుదును. ఊళ్లో చిన్న బడి నడిచేది మీలాంటి వాళ్లు కట్టే డబ్బుతోనే. మొదటి వాయిదాకి చెయ్యి ఆడకపోతే మీ డ్వాక్రా గ్రూపు పొదుపులోంచి అప్పు అడగండి. నూటికి మూడు రూపాయల వడ్డీ జోలికి పోకండి, ఏడాదికి 36 శాతం అవుతుంది.

కరస్పాండెంటు ఎంతకీ దిగిరాకపోతే పాపని జడ్పీ హైస్కూల్లో చేర్పించండి. 2009 విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ ప్రకారం టీసీ వెంటనే ఇవ్వాలి. అది ఆలస్యమైందని చేర్చుకునే బడి అడ్మిషన్ ఆపకూడదు. ఆ చట్టం ఎనిమిదో తరగతి దాకానే, అందుకే ఈ ఏడాది దాటనివ్వకండి. ఆన్‌లైన్‌లో పాప పేరు పాత స్కూలు కిందే ఉండిపోతే మండల విద్యాధికారి (ఎంఈఓ) గారికి అర్జీ పెట్టండి.

మీ ఆడపడుచు గారికి నా తరఫున ఒక్క మాట చెప్పండి. పాపకి లేసు నేర్పండి, సాయంత్రాలు బోలెడున్నాయి. బడి మాన్పిస్తే మాత్రం, పదమూడేళ్ల పిల్ల ఇంట్లో ఖాళీగా కనబడగానే మన గోదావరి జిల్లాల్లో తర్వాత వచ్చేది సంబంధాల కబురేనని ఆవిడకీ తెలుసు.

ప్రశ్న: రాజోలు దగ్గర హైస్కూల్లో కలిసి చదువుకున్నవాళ్లం. ఇప్పుడు కొందరం హైదరాబాదులో, కొందరం కువైట్‌లో ఉన్నాం. వాట్సాప్ గ్రూపులో 80,000 పోగయ్యాయి. ఊళ్లో పేద పిల్లల ఫీజులకని కాన్వెంటుకి ఒకేసారి ఇచ్చేస్తే సరిపోతుందా?

జవాబు: ఇచ్చెయ్యకండి బాబూ. పై ఉత్తరం చదివారుగా, మీ డబ్బు తిరగని బస్సుకి పోతుంది. ముందు ఒక్కో పిల్ల ఫీజు చీటీ తెప్పించుకుని, 30 శాతం తగ్గించారో లేదో చూసి, అప్పుడు కట్టండి. ఇలా చేస్తే నలుగురికి సరిపోయే డబ్బు పదిమందికి వస్తుంది. డబ్బు తల్లిదండ్రుల చేతికి కాకుండా స్కూలు పేర చెక్కుగా ఇచ్చి, పిల్ల పేరు, అడ్మిషన్ నంబరు రాసిన రసీదు తీసుకోండి. ఇంట్లో వంద అవసరాలుంటాయి, తప్పు వాళ్లది కాదు.

ఎవరికి ముందు అంటే, సంపాదించే మనిషిని కరోనా తీసుకుపోయిన ఇళ్లకి. ఆ తర్వాత, పోయిన ఆగస్టు వరదకి గోదావరి లంకల్లో పంట పోయిన కౌలు రైతుల పిల్లలకి. పేర్లు మీ బ్యాచ్‌లో ఊళ్లోనే ఉన్నవాళ్లని అడగండి, కువైట్ నుంచి తెలిసేది కాదు. ముగ్గురు పిల్లలకి ఒకే ఫోన్ ఉన్న ఇంట్లో రీఛార్జి వేయించడం కూడా చదువు సాయమే. ఫ్లెక్సీ, పెద్ద అట్టచెక్కు, పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫోటో మాత్రం వద్దు. ఆ ఫోటో క్లాసు గ్రూపులోకీ వస్తుంది.

ప్రశ్న: జడ్పీ బడికి మారిస్తే ఇంగ్లీషు మీడియం పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. (పాలకొల్లు నుంచి ఒక తండ్రి)

జవాబు: చాలా జడ్పీ హైస్కూళ్లలో ఇంగ్లీషు మీడియం సెక్షన్లు ఎప్పట్నుంచో ఉన్నాయండీ, మీ ఊరి హెడ్మాస్టరు గారిని అడిగి చూసుకోండి. బ్యాగు, బూట్లు, మూడు జతల యూనిఫారం, పుస్తకాలు ఈ ఏడాది ప్రభుత్వం ఇచ్చే విద్యా కానుకలో వస్తాయి కాబట్టి అవి కొనకుండా ఆగండి. అడ్మిషన్‌కి ప్రోగ్రెస్ కార్డు, ఆధార్ జిరాక్సులే ఇవ్వండి, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోండి.